ఇంట్లో దాల్చినచెక్క బిస్కట్లు – రుచి వేరు, మందు వేరు

పుత్తూరు అనగానే జనులకు మొట్టమొదట గుర్తుకు వచ్చేది ఎముకల కట్టు. పట్టణానికి సమీపంలో ఉన్న రాచపాళెంలో వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డపట్టీలతో వేసే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రముల నుండి కూడా ప్రతిదినం ఎందరో వస్తుంటారు. ఈ ఊరిలో కాపురం ఉన్నవారికి దీనివలన ఒక బాధ్యత తప్పదు. చేయి విరిగిన పెదనాన్నగారికి, కాలు బెణికిన తోడికోడలి తమ్మునికి, భుజం జారిన దూరపు బంధువుకు మా ఇల్లే విడిది. కట్టు వేయించుకొని వచ్చినవారికి వేడి కాఫీ, దానితోపాటు కొంచెం తీపి పెట్టనిదే మా అత్తగారికి తృప్తి ఉండేది కాదు.

ఆ విధంగా మా ఇంట్లో అలవాటైనవే దాల్చినచెక్క బిస్కట్లు. లడ్డు, మైసూరుపాకు వంటివి చేయుటకు సగం దినం పడుతుంది. ఈ బిస్కట్లు గంటలో తయారగును. డబ్బాలో పోసిన పది దినములైనా పాడు కావు. గోధుమపిండి, రాగిపిండి, వెన్న, మన చిత్తూరు బెల్లం, కాస్త దాల్చినచెక్క పొడి ఉన్న చాలును. వీటి తయారీ విధానం క్రింద వివరంగా వ్రాస్తున్నాను. కానీ అంతకు ముందు నేను చేసిన ఒక పొరపాటును పాఠక సోదరీమణులకు చెప్పుకొనవలసి ఉన్నది. ఇటువంటి పత్రికలు చదివే మనబోటి గృహిణులే అటువంటి పొరపాటుకు ఎక్కువగా లోనవుతారు.

మా మేనత్త అనుభవం

2022 డిసెంబరులో మా మేనత్త కదిరి నుండి వచ్చింది. ఆమెకు 62 ఏండ్లు. పెరట్లో నీళ్లతొట్టి వద్ద జారిపడి ఎడమచేతి మణికట్టు విరిగింది. అక్కడే ఎక్స్‌రే తీయించుకొని, కట్టు కోసం మా ఊరికి వచ్చింది. మరల మరల కట్టు మార్పించుకొనవలసి ఉండుటచేత కొన్ని వారములు మా ఇంటనే ఉండిపోయింది. ఆమెకు చక్కెరవ్యాధి ఉన్నది. ఎనిమిదేండ్లుగా మాత్రలు వాడుతున్నది.

మొదటి దినం కాఫీతో పాటు బిస్కట్లు పెడితే, "నాకు షుగరు గదమ్మా, వద్దులే" అన్నది. నేను ఊరకుండక, "దాల్చినచెక్క వేసినవి, తినత్తా. అది షుగరుకు మంచిదే. రాగిపిండి, బెల్లమే గాని పంచదార ఒక్క పలుకు కూడా వేయలేదు" అన్నాను. నా మాటలో మోసం లేదు. దాల్చినచెక్క చక్కెరవ్యాధిని తగ్గించునని ఎక్కడెక్కడో చదివి, విని, నమ్మి ఉన్నాను.

ఆమె రెండు తిన్నది. మరునాడు నాలుగు తిన్నది. వారం తిరిగేసరికి బిస్కట్ల డబ్బా ఆమె మంచం ప్రక్కకు చేరింది. అంతటితో ఆగలేదు. బిస్కట్టులో కొంచెం వేస్తేనే మంచిదైనప్పుడు, పొడిగానే తీసుకొనిన ఇంకా మంచిది కాదా అని ఆలోచించి, ఉదయం ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా దాల్చినచెక్క పొడి వేడినీళ్లలో కలుపుకొని త్రాగుట ప్రారంభించింది. ఆ సంగతి నాకు తెలియును, సంతోషించాను కూడా. నాకు తెలియనిది మరొకటి ఉన్నది. "ఇంత మంచి మందు ఇంట్లో ఉండగా ఆ ఇంగ్లీషు మాత్రలెందుకు" అని ఆమె మాత్రలు మానివేసింది.

మూడవ వారంలో ఆమె రాత్రివేళ నాలుగైదు సార్లు నీళ్లకు లేచుట గమనించాను. పగలంతా నీరసం. క్రొత్త చెప్పు ఒరుసుకొని కాలిపై ఏర్పడిన బొబ్బ పది దినములైనా ఆరలేదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాను. పరగడుపున రక్తంలో చక్కెర 262, భోజనమైన తరువాత 381 ఉన్నది. ఏ మందులు వాడుతున్నారని ఆయన అడిగితే, మేనత్త సంచిలో నుండి మాత్రల పట్టీ తీసి ఇచ్చింది. అందులో ఒక్కటీ తగ్గలేదు. చక్కెర ఇంత ఎక్కువగా ఉంటే పుండు మానదు, ఎముక అతుకుట కూడా ఆలస్యమగునని వైద్యుడు చెప్పారు. ఆ తరువాత నా వైపు తిరిగి, "బిస్కట్టు మందని ఎవరు చెప్పారమ్మా?" అని శాంతంగా అడిగారు. నా వద్ద సమాధానం లేదు.

చేయి బాగుపడుటకు నా ఇంటికి వచ్చిన మనిషి, నా మాట వలన కాలు పోగొట్టుకొనే స్థితికి చేరువైనది. ఆ రాత్రి నుండి దాల్చినచెక్క గురించి నాకు తెలిసినది ఎంత, తెలియనిది ఎంత అని వెదకుట ఆరంభించాను. తెలుసుకొన్న విషయములను మీ ముందుంచుతున్నాను.

పట్టలు రెండు రకములు

దాల్చినచెక్కనే లవంగపట్ట అని కూడా అంటారు. తమిళ సరిహద్దులో ఉన్న మా ప్రాంతంలో ఉత్త పట్ట అంటే చాలును. కానీ ఒకే పేరుతో అంగడిలో అమ్మేది రెండు వేర్వేరు చెట్ల బెరడు.

మొదటిది సింహళ దాల్చినచెక్క. శ్రీలంకలోను, మన కేరళలోను పండుతుంది. దీని బెరడు కాగితమంత పలుచన. అనేక పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకొని పొగాకు చుట్టవలె కనబడును. లేత గోధుమవన్నె కలిగి, వ్రేళ్లతో నలిపిన సులువుగా విరుగును. వాసన మృదువు, రుచి తీపి. ఈ పట్ట కోసమే పోర్చుగీసువారు, వారి తరువాత డచ్చివారు, ఆ తరువాత ఆంగ్లేయులు సింహళాన్ని పట్టుకొని వ్రేలాడినారు.

రెండవది కాసియా పట్ట. చైనా, వియత్నాం, ఇండోనీషియాల నుండి వచ్చును. దళసరిగా, ఒకే పొరగా, గట్టిగా ఉండును. ఎరుపు కలిసిన ముదురు గోధుమవన్నె. ఘాటైన వాసన, నాలుకపై కారం. ధర తక్కువ కాబట్టి పలావులోకి, మసాలాపొడులలోకి సాధారణంగా వచ్చేది ఇదే. మన దేశపు ఆహార ప్రమాణములలో ఈ రెండింటికీ వేర్వేరు నిర్వచనములు ఉన్నవి. అయినా చిల్లర అంగళ్లలో రెండింటికీ ఒకే పేరు. పొడి చేసిన తరువాత ఏది ఏదో కంటితో పోల్చుకొనుట అసాధ్యం.

మన ప్రాచీనులు ఈ భేదాన్ని ఎరుగనివారు కారు. పదునారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో త్వక్ అని ఒకదానిని, తనుత్వక్ లేక దారుసిత అని మరొకదానిని వేరుగా పేర్కొన్నాడు. తనుత్వక్ అనగా పలుచని బెరడు. మొదటిది ఉష్ణం, రూక్షం, పిత్తాన్ని పెంచేది, కఫవాతములను హరించేది. రెండవది తీపి కలిగి, వాతపిత్తములను శమింపజేసి, నోటి ఎండుదలను, దప్పికను తగ్గించేది. పేరు ఒకటే కదా అని గుణం కూడా ఒకటే అనుకొనరాదని దీని భావం.

ఆధునిక శాస్త్రం కూడా ఇదే భేదాన్ని మరొక మార్గంలో చూపించినది. కాసియా పట్టలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది మోతాదు మించి, దీర్ఘకాలం లోపలికి పోయిన కొందరిలో కాలేయానికి హాని కలిగించును. సింహళ పట్టలో ఇది నామమాత్రం. 2006లో జర్మనీలో పండుగదినములలో చేసే నక్షత్రాకారపు దాల్చినచెక్క బిస్కట్ల విషయంలో అక్కడి ప్రభుత్వ సంస్థ, పసిపిల్లలకు ఎక్కువగా పెట్టవద్దని హెచ్చరించినది. మనం మాట్లాడుకొంటున్న వస్తువే అది. శరీరపు బరువులో ప్రతి కిలోకు దినానికి 0.1 మిల్లీగ్రాము కూమరిన్ మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2004లో నిర్ణయించి, 2008లో మరల ధ్రువపరచినది.

ఇప్పుడు మా ఇంటి లెక్క చూడండి. కాసియా పట్టలో సగటున గ్రాముకు 3 మిల్లీగ్రాముల కూమరిన్ ఉండునని అంచనా. మా మేనత్త బరువు 60 కిలోలు. ఆమె హద్దు దినానికి 6 మిల్లీగ్రాములు. రెండు చెంచాలు, అనగా సుమారు 5 గ్రాముల పొడిలో 15 మిల్లీగ్రాములు. హద్దుకు రెండున్నర రెట్లు! నేను అంగడి నుండి తెచ్చినది కాసియా పొడి అని అప్పుడు నాకు తెలియనే తెలియదు.

చక్కెరవ్యాధిని తగ్గించునా?

ఈ నమ్మకానికి మూలం పూర్తిగా లేకపోలేదు. 2003లో పాకిస్తానులోని పెషావరులో 60 మంది చక్కెరవ్యాధి రోగులపై జరిగిన పరిశోధన ఒకటి ప్రచురింపబడినది. దినానికి 1, 3, 6 గ్రాముల చొప్పున 40 దినములు కాసియా పట్ట ఇవ్వగా, పరగడుపు చక్కెర 18 నుండి 29 శాతం వరకు తగ్గినదని అందులో చెప్పారు. ఆ వార్త ప్రపంచమంతటా వ్యాపించి, మన వంటిండ్లకు కూడా చేరినది. కానీ ఆ తరువాత జరిగిన పరిశోధనల ఫలితములు ఒక్క తీరుగా లేవు. 2012లో కాక్రేన్ సంస్థ 10 పరిశోధనలను, 577 మంది రోగుల వివరములను పరిశీలించి, చక్కెరవ్యాధికి దాల్చినచెక్కను సిఫారసు చేయుటకు తగిన ఆధారం లేదని తేల్చినది. మొదటి వార్త మనకు చేరినంత త్వరగా రెండవది చేరలేదు.

ఇక బిస్కట్టు మాట. క్రింద చెప్పే కొలతలతో చేసిన ఒక్కొక్క బిస్కట్టులో దాల్చినచెక్క గ్రాములో పన్నెండవ వంతు. పిండి, బెల్లముల వలన వచ్చే పిండిపదార్థం సుమారు 8 గ్రాములు. నాలుగు బిస్కట్లు తింటే రెండు పుల్కాలు తిన్నదానితో సమానం. పైగా వెన్న అదనం. పంచదారకు బదులు బెల్లం వేసినంత మాత్రాన రక్తంలో చక్కెర పెరుగుట ఆగదు. బెల్లంలో ఉన్నది కూడా ముఖ్యంగా చక్కెరయే.

మాత్రయే ప్రధానం

ఆయుర్వేదంలో మాత్ర అనగా మోతాదు. దగ్గుకు ప్రసిద్ధమైన సితోపలాది చూర్ణం తీసుకొనండి. అందులో పటికబెల్లం 16 పాళ్లు, వెదురుప్పు 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1 పాలు. మొత్తం 31 పాళ్లలో పట్టకు దక్కినది ఒక్క పాలే. మూడు గ్రాముల చూర్ణం సేవిస్తే లోపలికి పోయే దాల్చినచెక్క గ్రాములో పదవ వంతు మాత్రమే. అది కూడా వైద్యుడు రోగిని చూచి, కొన్ని దినములకు మాత్రమే ఇచ్చే మందు. ఇంత పొదుపుగా వాడిన ద్రవ్యాన్ని మనం చెంచాలతో మ్రింగి, అది ఆయుర్వేదం అనుకొనుట న్యాయం కాదు.

ఆహారంలో దాల్చినచెక్క స్థానం వేరు. అది రుచి పుట్టించును, సువాసన ఇచ్చును, తీపి తక్కువైనా ఎక్కువ ఉన్నట్లు తోపించును. ఈ చివరి గుణమే బిస్కట్టులో మనకు అక్కరకు వచ్చేది. దాని వలన బెల్లం తగ్గించవచ్చును. ఇంతకు మించి దాని నుండి ఆశింపరాదు.

కావలసిన పదార్థములు (30 బిస్కట్లకు)

గోధుమపిండి 200 గ్రాములు
రాగిపిండి 50 గ్రాములు
ఉప్పు లేని వెన్న 120 గ్రాములు
మెత్తగా జల్లించిన బెల్లపుపొడి 80 గ్రాములు
సింహళ దాల్చినచెక్క పొడి 1 చెంచా (సుమారు 2½ గ్రాములు)
ఏలకుల పొడి పావు చెంచా
వంటసోడా కాదు, బేకింగ్ పౌడర్ అర చెంచా
ఉప్పు చిటికెడు
కాచి చల్లార్చిన పాలు 2 పెద్ద చెంచాలు

వెన్నకు బదులు వనస్పతి వాడవద్దు. నూనెను గట్టిపరచునప్పుడు ఏర్పడే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. మన దేశంలో 2022 జనవరి నుండి నూనెలలో, కొవ్వులలో ఇది 2 శాతానికి మించరాదని నియమం వచ్చినది. ఇంట్లో మజ్జిగ చిలికి తీసిన వెన్న ఉన్నచో అందులోని నీటిని బాగుగా పిండివేసి వాడవలెను.

తయారు చేయు విధానము

రాగిపిండిని సన్నని సెగపై పచ్చివాసన పోవునంత వరకు వేయించి చల్లార్చవలెను. గోధుమపిండి, రాగిపిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు, దాల్చినచెక్క పొడి, ఏలకుల పొడి కలిపి రెండుసార్లు జల్లించవలెను. వేరొక పాత్రలో మెత్తబడిన వెన్నను, బెల్లపుపొడిని కలిపి, తెల్లబారి నురుగువలె తేలికయగు వరకు గిలకొట్టవలెను. ఇందులో జల్లించిన పిండి కొంచెం కొంచెంగా వేసి వ్రేళ్లతో కలుపవలెను. చపాతీ పిండివలె గట్టిగా మర్దించరాదు. మర్దించిన బిస్కట్టు కరకరలాడక సాగును. ముద్దకు తగినన్ని పాలు మాత్రమే చల్లి, తడిగుడ్డ కప్పి అరగంట చల్లని చోట ఉంచవలెను. రాగిపిండి తడిని పీల్చుకొనుటకు ఈ వ్యవధి అవసరం.

తరువాత పీటపై అరసెంటీమీటరు మందంగా ఒత్తి, చిన్న డబ్బా మూతతో గుండ్రంగా కోయవలెను. అంచులు కలిపి మరల ఒత్తినచో సుమారు 30 వచ్చును. ఒక్కొక్కదానిపై ఫోర్కుతో రెండు మూడు చోట్ల గుచ్చవలెను.

ఓవెన్ ఉన్నవారు ముందుగా 170 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి, 12 నుండి 15 నిమిషములు కాల్చవలెను. ఓవెన్ లేనివారు నిరాశపడవలసిన పని లేదు. మా అత్తగారు చేసిన పద్ధతి ఇది: అడుగు మందమైన పాత దబరలో అంగుళం మందాన కడిగి ఎండబెట్టిన ఇసుక గాని, రాళ్ల ఉప్పు గాని పరచి, దానిపై చిన్న కుదురు పెట్టి, మూతతో మధ్యస్థమైన మంటపై 10 నిమిషములు కాచవలెను. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కట్లను ఎడంగా పేర్చి, కుదురుపై ఉంచి, బరువైన మూత పెట్టి, సన్నని సెగపై 18 నుండి 22 నిమిషములు కాల్చవలెను. ఒక్కసారికి పట్టినన్నియే పెట్టవలెను. ప్రెషర్ కుక్కరును నీరు లేకుండా ఇందుకు వాడరాదు. దాని రబ్బరు, సేఫ్టీ వాల్వు పాడగును.

అంచులు కొద్దిగా ఎర్రబడగానే దింపవలెను. అప్పుడు నడిమి భాగం మెత్తగా ఉండును. కంగారుపడి మరికొంతసేపు ఉంచిన మాడును. చల్లారేకొలది గట్టిపడును. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పోసి మూత బిగించవలెను.

ఎవరు ఎన్ని తినవచ్చును?

ఆరోగ్యవంతులైన పెద్దలు కాఫీతో రెండు మూడు తినవచ్చును. చిన్నపిల్లలకు రెండు చాలును. సింహళ పట్ట దొరకక కాసియా పట్ట వాడినచో పిల్లల విషయంలో ఈ హద్దు తప్పక పాటించవలెను. కొన్ని కాసియా పట్టలలో కూమరిన్ గ్రాముకు 10 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. అప్పుడు 15 కిలోల బిడ్డకు రెండు బిస్కట్లతోనే దినపు హద్దు దాటును. చక్కెరవ్యాధి ఉన్నవారు ఒకటి తినదలచిన, దానిని భోజనపు లెక్కలో కలుపుకొని, వైద్యుని సలహా ప్రకారం తినవలెను. కాలేయ వ్యాధి ఉన్నవారు, రక్తం పలుచబడుటకు మందులు వాడేవారు, గర్భిణులు దాల్చినచెక్క పొడిని విడిగా మందువలె తీసుకొనరాదు.

మా మేనత్త ఆ దినమే మాత్రలు మరల మొదలుపెట్టింది. వైద్యుడు మోతాదు సరిచేశారు. సంక్రాంతి వెళ్లిన తరువాత కాలి పుండు మానింది. మణికట్టు అతుకుటకు మేమనుకొన్నదానికంటె మూడు వారములు ఎక్కువ పట్టింది. ఇప్పటికీ ఎడమచేతితో నిండు బిందె ఎత్తలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మంచికే చెప్పితివి గదమ్మా" అన్నది. నా మనస్సుకు నేటికీ కష్టంగా ఉన్నది ఆ మాటయే. మంచికే చెప్పాను, తెలిసి చెప్పలేదు.

మా ఇంటికి కట్టు కోసం బంధువులు ఇప్పటికీ వస్తున్నారు. బిస్కట్లు కూడా పెడుతున్నాను. అయితే పళ్లెం ముందుంచే ముందు, "షుగరు ఉన్నదా? మాత్రలు తెచ్చుకొన్నారా?" అని అడుగుతున్నాను. సోదరీమణులారా, మీరు కూడా ఈ బిస్కట్లను తప్పక చేసి చూడండి. ఇంటిల్లిపాదికి ప్రీతితో పెట్టండి. తీపి వస్తువని చెప్పి పెట్టండి. మందని చెప్పి పెట్టకండి.